ములాఖత్‌కు వచ్చినవాళ్ళు దిగే ఇల్లు

వరంగల్ జైలులో ఖైదీలను చూడడానికి బంధువులకు అనుమతి దొరికే రోజును ఊళ్ళో అందరూ ములాఖత్ అనే అంటారు. ములుగు అవతలి అడవి పల్లెల వాళ్ళు ఆ రోజు పొద్దున బయలుదేరితే గేటు దగ్గర వరుస అందదు. అందుకని ముందురోజే బస్సెక్కి పొద్దు వాలే వేళకు దిగుతారు. దిగేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. చేతిలో జొన్నరొట్టెల మూట, ఒక సబ్బుబిళ్ళ, కొన్ని బీడీ కట్టలు. రొట్టెల సంగతి వాళ్ళకు తెలుసు, బస్సు సంగతి తెలుసు; తెల్లారేదాకా ఎక్కడ తల దాచుకోవాలన్నది మాత్రం తెలియదు. ఏ అరుగు మీద కూర్చున్నా ఆ ఇంటివాళ్ళు ఏ పని మీద వచ్చారని అడుగుతారు. జైలు పేరు వినగానే అరుగు కడగాలంటారు.

1975 వానాకాలం నుంచి అలాంటి వాళ్ళకు బస కొత్తవాడలోని ఒక జంపఖానాల నేతగాడి ఇల్లు. ముందు రేకుల వసారా, నడుమ మగ్గం గది, వెనుక పొగచూరిన వంటిల్లు. ఆ ఇంటి ఇల్లాలు రాములవ్వ.

ఆమె క్రైస్తవురాలు, అయితే పుట్టుకతో కాదు. నేతపని వాళ్ళ ఇంట పుట్టి, నేతపని వాళ్ళ ఇంటికే కోడలైంది. ఒక్కగానొక్క కొడుకుకు అమ్మవారు పోసినప్పుడు, ఆనవాయితీ ప్రకారం చుట్టాలెవరూ ఆ గడప తొక్కలేదు. వాళ్ళది కఠినత్వం అనడానికి వీల్లేదు. అమ్మవారు ఉన్న ఇంటికి ఎవరూ పోరు. కాని ఆ రోజుల్లోనే క్రైస్తవ సంఘం తరఫున వాడవాడా తిరిగి సువార్త చెప్పే శకుంతలమ్మ అనే పెద్దావిడ తలుపు తోసుకొని లోపలికి వచ్చి, పిల్లవాడి మంచం పక్కన కూర్చుంది. వాడు బతకలేదు. ఆమె మాత్రం శవాన్ని ఎత్తేదాకా కదలలేదు. రాములవ్వ బాప్తిస్మానికి కారణం ఏ ప్రసంగమూ కాదు. ఒక మనిషి లోపలికి వచ్చి కూర్చోవడం. పాస్టరు ఆమెకు రూతమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుతో ఆమెను ఎవరూ పిలవలేదు, ఆమె కూడా పిలవమనలేదు.

భర్త వెంకటరాజం మతం మారలేదు. మార్కండేయుడి పూజకు తనను దూరం చేయవద్దని ఒక్క మాట అన్నాడు. ఆదివారం ఆమె ప్రార్థన గుడికి పోతే అడ్డు చెప్పలేదు. ఆయన తక్కువ మాటల మనిషి. ఆయన ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని రాములవ్వ కాపురానికి వచ్చిన కొత్తలోనే అనుకుంది. ఆ లెక్క చాలా ఏళ్ళు తప్పలేదు.

మొదట వచ్చిన మనిషి సమ్మమ్మ. ములుగు దాటి ఎంతో లోపలి పల్లె ఆమెది. అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండి ఉండవు. బస్సు బురదలో దిగబడి ఆలస్యం కావడంతో ఆనాటి ములాఖత్ దాటిపోయింది. మళ్ళీ అనుమతి దొరికేది మర్నాడే. వాన పడుతుంటే ఎదురింటి చూరు కింద నిలబడి మంచినీళ్ళడిగింది. ఎదురింటామె వివరం అడిగి తెలుసుకొని, దోసిట్లో ఎత్తునుంచి నీళ్ళు పోసి, ఇక కదలమంది. రాములవ్వ ఇదంతా తన గడప నుంచి చూసింది. వానలోనే రోడ్డు దాటి వెళ్ళి పిల్లను చెయ్యి పట్టుకొని తెచ్చింది.

"లోపట ఎవలున్నరు బిడ్డా?"

"మా ఆయిన, అవ్వా."

"అన్నం తిన్నవా?"

"తిన్న."

"ఎన్నడు? నిన్ననా, మొన్ననా?"

సమ్మమ్మ నవ్వలేదు, ఏడవనూ లేదు. పీట వేసి పళ్ళెం పెడితే, పళ్ళెం తీసుకొని వాకిట్లోకి పోబోయింది. రాములవ్వ ఆపి, తన పళ్ళెం కూడా తెచ్చుకొని ఎదురుగా కూర్చుంది. పరదేశిని లోపలికి పిలిచి అన్నం పెడితే ప్రభువుకు పెట్టినట్టేనని శకుంతలమ్మ చెప్పగా ఆమె విన్నది. అయితే అన్నం పెట్టడం ఒకటి, ఎదురుగా కూర్చొని తినడం ఒకటి. రెండోది ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఒకరి నోట ఒకరికి తెలిసి మనుషులు రావడం మొదలైంది. వసారాలో ఒక్కోసారి ఇద్దరు, ఒక్కోసారి ఐదారుగురు. రాములవ్వ పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: లోపల ఎవరున్నారని అడగాలి, ఏం చేసి పోయాడని అడగరాదు. సమ్మమ్మ భర్త మొగిలి, పొలం గట్టు దగ్గరి నీళ్ళ తగాదాలో సొంత దాయాదిని గొడ్డలితో కొట్టి చంపాడన్న సంగతి రాములవ్వకు చాలాకాలం తెలియదు. ఒకనాడు రొట్టెలు కాలుస్తూ సమ్మమ్మే చెప్పింది. రాములవ్వ రొట్టె తిప్పింది. మాట మార్చలేదు, పొడిగించనూ లేదు.

వాడ వాళ్ళకు ఇది మింగుడు పడలేదు. అందరికన్నా ముందు బయటపడినవాడు ఆమె సొంత తమ్ముడు లింగమూర్తి. వెడల్పు జంపఖానా ఒక్కడి వల్ల కాదు. ఇద్దరు మగ్గం మీద భుజం భుజం ఆనించి కూర్చొని, అడ్డంగా నేసే పేక నూలు నడుమ ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ, పంజాతో ఒకే దెబ్బగా కొట్టాలి. పంజా అంటే పులిగోళ్ళ లాంటి ఇనుప పళ్ళున్న పనిముట్టు, చేతికి బరువుగా ఉంటుంది. బావ పక్కన జోడీగా కూర్చునేవాడు లింగమూర్తి. ఒకనాడు వసారాలో పడుకున్న ఆడవాళ్ళను దాటి లోపలికి వచ్చి, కూర్చోకుండానే నిలబడ్డాడు.

"అక్కా, గోడకు బోర్డు రాయిస్త. సర్కారు అల్లుండ్ల అత్తగారిల్లు అని రాయమంటవా?"

"రాయించు. నీకు జర చదువస్తది గద" అంది రాములవ్వ.

అతను నవ్వుతూనే వెళ్ళాడు. మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దొంగల పెళ్ళాలు పడుకున్న గడప తొక్కి మగ్గమెక్కితే తన పిల్లలకు సంబంధాలు రావని ఎవరితోనో అన్నట్టు తెలిసింది. ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుట్టడమే కాని జంపఖానా మగ్గం మీద మగవాడికి జోడీగా కూర్చునే వాడుక ఆ వాడలో లేదు. వేరే జోడీ దొరక్క రాములవ్వే కూర్చుంది. మొదటి నెలల్లో ఆమె దెబ్బ భర్త దెబ్బతో కలవక, బట్ట ఒకవైపు వదులుగా వచ్చేది. రాత్రి కుడిభుజానికి ఆముదం రాసుకొనేది. వెంకటరాజం ఏమీ అనలేదు. మామూలు లెక్క ప్రకారం ఆమె దాన్ని ఒప్పుదలగానే తీసుకుంది.

సంఘంలో వేరే తరహా చిక్కు వచ్చింది. సంఘపు స్త్రీలు వంటకు బియ్యం పోసినప్పుడల్లా ఒక పిడికెడు విడిగా కుండలో వేసి, ఆదివారం గుడికి తెస్తారు. దాన్ని పిడికెడు బియ్యం అంటారు, దేవుడి భాగం. రాములవ్వ కుండ ఖాళీగా వస్తున్నదని ఒక పెద్దమనిషి భార్య ఎత్తి చూపింది. తన పిడికెడు వసారాలోనే ఖర్చవుతున్నదని రాములవ్వ చెప్పింది. పాస్టరు ఆలోచించి, అదీ దేవుడి భాగమే అన్నారు. ఆమెను నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు, అందరూ స్తోత్రం అన్నారు. ఆ ఆదివారం ఆమె వెంట వచ్చిన ముగ్గురు ములాఖత్ ఆడవాళ్ళకు మాత్రం చెప్పులు విడిచే చోట చాప వేశారు. ఆమె కూడా ఆ చాప మీదనే కూర్చుంది. అంతకు మించి ఆ విషయం మీద ఎవరితోనూ పోట్లాడలేదు.

సమ్మమ్మ ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. ఎండాకాలం తునికాకు కోసి, తక్కిన కాలమంతా విస్తళ్ళు కుట్టి బతికేది. ఆమెకు శిక్ష ఎప్పుడు ముగుస్తుందన్న బెంగ కంటే, ముగిసిన తర్వాత ఎట్లా అన్న బెంగ పెద్దది. చచ్చినవాడి అన్నదమ్ములు మొగిలి ఊరి పొలిమేర తొక్కితే బతకనివ్వబోమని అందరి ముందర అన్నారు. తల్లిగారి వైపు వాళ్ళు తలుపు తీసేది లేదన్నారు. అతనికి ఎక్కడో ఒకచోట పని, తలమీద కప్పు దొరకాలి. ఆమె కోరిక అంతే. ఒకసారి ములాఖత్ నుంచి తిరిగి వస్తూనే, మొగిలిని లోపల జంపఖానాల మగ్గం మీద కూర్చోబెట్టారని, చెయ్యి బాగా కుదిరిందని చెప్పింది. ఆ ముఖంలో అంత వెలుగు ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

రాములవ్వ మగ్గం మీది నుంచే అంది: "ఇంకేంది మరి. అచ్చినంక ఈడనే కూసుంటడు. నా జాగ ఇస్త."

వెంకటరాజం పక్కనే ఉన్నాడు. పంజా దెబ్బ ఒకటి తప్పి, మళ్ళీ కలిసింది. ఏమీ అనలేదు.

1983 మొదట్లో మొగిలి విడుదల ఖాయమని తెలిసింది. ఆ వారంలోనే వెంకటరాజం, పెళ్ళిపందిళ్ళకు సామాను అద్దెకిచ్చే దుకాణం వాళ్ళ పని ఒకటి ఒప్పుకొని, తాను ఎన్నడూ వేయనంత పొడవు పడుగు, నెలల పాటు నేయవలసిన నిలువు నూలు, మగ్గానికి ఎక్కించాడు. ఆ వాడలో ఒక నియమం ఉంది. ఏ ఇద్దరు పడుగు మొదలుపెడితే ఆ ఇద్దరే దాన్ని ముగించాలి. నడుమ మనిషి మారితే దెబ్బ మారి, బట్ట మీద అడ్డగీత పడుతుంది. చూసేవాళ్ళు ఆ ఇంట్లో చావో తగాదానో జరిగిందనుకుంటారు. భర్త పిలిస్తే రాములవ్వ వచ్చి తన చోట కూర్చుంది. అంత పని దొరికినందుకు సంతోషించింది కూడా. అది తన మాటకు అడ్డంగా కట్టిన గోడ అన్న అనుమానం ఆమెకు అప్పుడు రాలేదు.

మొగిలి వచ్చాడు. జుట్టు నెరిసింది. గోడ పక్కగా నడిచేవాడు. వాకిలి దాటాలంటే ఎవరివైపైనా చూసి, వాళ్ళు తల ఊపాకనే దాటేవాడు. గోడకు వీపు ఆనించి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని గబగబా తినేవాడు. మగ్గం గదిలో ఒక మూల గొంతుకూర్చొని, రాలిపడిన నూలు ముక్కలు ఏరి ముడులు వేస్తూ ఉండేవాడు. వెంకటరాజం అతన్ని పలకరించలేదు. పడుగు దిగేదాకా ఓపిక పట్టమని రాములవ్వ చెప్పింది. అతనూ మగ్గం పనివాడే కనుక సరేనన్నాడు. చుట్టి ఉన్న పడుగు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అది ఎన్ని నెలల పనో అతనికి తెలియకపోదు.

ఈలోగా ఏదైనా పని చూద్దామని రాములవ్వ తిరిగింది. బియ్యం మిల్లులో జామీను ఎవరన్నారు. ఆమె తనే అంటే నవ్వారు. సంఘం వాళ్ళ బడిలో రాత్రి కావలి మనిషి కావాలని విని పాస్టరు దగ్గరికి పోయింది. ఆయనకు మనసు ఉంది. కాని కమిటీ పెద్ద రాజేశ్వర్ రావు మెత్తగానే మాట్లాడాడు.

"అమ్మా, క్షమించడం దేవుని పని, మేమూ క్షమించినట్టే. కాని అది పిల్లలుండే చోటు. రేపు తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పాలె?"

"నా వసారల ఏండ్ల సంది జైలోళ్ళ మనుషులు పండుకుంటాన్రు, నన్నేమైనా మింగిన్రా సార్?"

"మీ విశ్వాసం గొప్పది" అని ఆయన లేచాడు.

ఆ వాడలోనే ఉండే జైలు వార్డరు పాండురంగం ఒక మధ్యాహ్నం మగ్గం గది కిటికీ దగ్గర ఆగాడు. మొగిలి రోజూ పొద్దున్నే జైలు గేటు దగ్గరికి వచ్చి నిలబడుతున్నాడని చెప్పాడు. మొదట ఏదో సామాను మరిచాడేమో అనుకున్నారట.

"లోపటికి రానియ్యుండ్రి అంటాండు. పాత జోడీగాడు ఇంక లోపట్నే ఉన్నడట, ఆయిన పక్కపొంటి కూసుంట, కూలి అద్దు అంటాండు. ఏం జెప్పాలె అవ్వా గసొంటోనికి? బయిటికి పంపుడే మా చేతుల ఉంటది గని, లోపటికి తీసుకునుడు మా చేతుల లేదు అన్న. నువ్వన్న జెప్పు."

అతను వెళ్ళాక రాములవ్వ రెండు దెబ్బలు కొట్టి ఆగింది. మూలన మొగిలి నూలు ముడులు వేస్తూనే ఉన్నాడు, అంతా విన్నాడు. ఆమె పంజా కింద పెట్టి, మగ్గం దిగి, తన చోటు చూపింది.

"మొగిలీ, అచ్చి కూసో."

వెంకటరాజం చేతిలో పేక ఆగిపోయింది. "పడుగు నడుమ మనిషి మారుతడా?" అన్నాడు.

"మారుతడు."

"నువ్వు ఎవల్ని తెచ్చినా నేను ఏమనలే. పండుకున్నరు, వండుకున్నరు, నీ తమ్ముడు పోయిండు, కులపోళ్ళు నన్ను పిలుసుడు బంద్ జేసిన్రు. ఒక్క మాటన్ననా? గని మగ్గం మీద నా పక్కకు ఎవలు కూసోవాలె, అది నేను జెప్పాలె. గొడ్డలి పట్టిన చెయ్యి అది. దాంట్లె పంజా పెట్టి, నా మెడకాడ కూసోబెడ్తవా?"

అప్పుడు ఆమెకు పడుగు పొడవు అర్థమైంది.

"అందుకేనా ఇంత పొడుగు ఏసినవ్?"

ఆయన జవాబు చెప్పలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మౌనాన్ని ఆమె ఒప్పుదలగా తీసుకోలేకపోయింది. మళ్ళీ మొగిలిని పిలిచింది. మొగిలి లేచి, ఇద్దరి ముఖాలూ చూసి, ఒక కాలు మగ్గం మీద పెట్టి నిలబడిపోయాడు. వెంకటరాజం లేచి, తుండుగుడ్డ భుజాన వేసుకొని, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

ఆ పూట మొగిలి ఒక్కడే నేశాడు. ఎడమ చివర కొంత కొట్టి, జరిగి, కుడి చివర కొంత కొట్టేవాడు. చూడలేక రాములవ్వ భర్త చోట కూర్చుంది. అంతే, వాడ మొత్తం కిటికీ దగ్గరికి వచ్చింది. మొగుణ్ణి వెళ్ళగొట్టి, హంతకుడి పక్కన భుజం ఆనించి కూర్చున్నదన్న మాట పొద్దు వాలేలోపు నలుమూలలా పాకింది. వెంకటరాజం లింగమూర్తి ఇంట్లో తిని, అక్కడే పడుకున్నాడు.

మూడో నాడు లింగమూర్తి వచ్చాడు. ఈసారి ఎగతాళి లేదు. వసారా దాటకుండా అక్కను బయటికి పిలిచి, ఆ మనిషి ఉన్నంతకాలం బావ రాడని చెప్పాడు.

"బావ అన్నం సరిగ తింటలేడక్కా. నిన్ను తిట్టుత కూడ లేడు. గోడ దిక్కు తిరిగి పండుకుంటాండు. నువ్వు మమ్ముల ఇడిసిపెట్టినా మంచిదే, ఆయిన్ని ఇడిసిపెడ్తవా?"

రాములవ్వ వస్తాడులే అంది. వస్తాడన్న నమ్మకం ఆమె గొంతులో లేదని లోపల ఉన్న సమ్మమ్మకు తెలిసిపోయింది.

తెల్లవారి చూసేసరికి వసారాలో చాపలు చుట్టి గోడకు నిలబెట్టి ఉన్నాయి. మొగిలి, సమ్మమ్మ లేరు. కాజీపేటలో బొంబాయి వైపు పోయే బండి ఎక్కుతుండగా చూశామని ఒకరన్నారు. భీవండి మరమగ్గాల దగ్గర ఊరూ పేరూ ఎవరూ అడగరు కాబట్టి అక్కడికే పోయి ఉంటారని చాలామంది నమ్మకం. జైలు గేటు దగ్గరే మళ్ళీ ఒకసారి కనిపించాడని ఇంకొకరన్నారు. రెంటికీ ఆధారం లేదు. సమ్మమ్మ నుంచి ఏ కబురూ రాలేదు.

వెంకటరాజం ఆ రోజే తిరిగి వచ్చాడు. మగ్గం మీది బట్ట చూసి, మొగిలి చెయ్యి పడినంత మేర విప్పుదామన్నాడు. రాములవ్వ వద్దంది. ఆయన పట్టుపట్టలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చొని ఆ పడుగు ముగించారు. దానికి పట్టిన నెలల్లో మగ్గం మీద వాళ్ళు మాట్లాడుకున్న మాటలు పేక అయిపోయిందనో, దీపం పెట్టాలనో తప్ప లేవని ఇద్దరూ వేర్వేరుగా ఒకే సంగతి చెప్పారు. తాను భయపడ్డాననీ, ఆ భయం అబద్ధం కాదనీ వెంకటరాజం అంటాడు. అబద్ధం కాదని రాములవ్వ కూడా ఒప్పుకుంటుంది. తాను మాట ఇవ్వకుండా ఉంటే మొగిలి మొదటి రోజే ఎటో పోయి పని వెతుక్కునేవాడని, తన మాట నమ్మి ఆ మూలన కూర్చున్నాడని మాత్రం అంటుంది.

ములాఖత్ ముందురోజు ఇప్పటికీ మనుషులు వస్తారు. లోపల ఎవరున్నారని ఇప్పటికీ అడుగుతుంది, ఏం చేశాడని అడగదు. 1986 చలికాలంలో పాలకుర్తి వైపు నుంచి కట్టమ్మ అనే ఆమె వచ్చింది. కొడుకు లోపల ఉన్నాడు. రాములవ్వ ఎదురుగా కూర్చొని తింటుంటే కట్టమ్మకు ధైర్యం వచ్చింది. మగ్గం గది వైపు చూస్తూ, లోపల తన కొడుకుకూ ఈ పనే నేర్పుతున్నారని, బయటికి వచ్చాక ఇక్కడ ఏదైనా ఆసరా దొరుకుతుందా అని అడిగింది.

రాములవ్వ చెయ్యి పళ్ళెంలో ఆగింది.

"ఈ పూటకు అన్నమున్నది, పండుకోను చాపున్నది. దాని అవుతల నన్నేమడుగకు బిడ్డా."

ఆ మాటలో కట్టమ్మకు కోపం వినిపించి ఉండాలి. అన్నం సగంలోనే చెయ్యి కడుక్కొని వసారాలోకి పోయింది. వెనుకటి రాములవ్వ అయితే వెంట వెళ్ళి, చెయ్యి పట్టుకొని మళ్ళీ పీట మీద కూర్చోబెట్టేది. ఈసారి తన పళ్ళెం ముందు అలాగే కూర్చుండిపోయింది.